“వాళ్ల ఎదురుగా నిలబడితే నోరు పెగలదు”: వీధి పరిచర్యపై ఫోన్-ఇన్

యాంకర్: లైన్‌లో ఒక సిస్టర్ ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: వందనాలు అయ్యగారూ. మా సంఘం యూత్ వాళ్లు ప్రతి శనివారం రాత్రి రోడ్డు పక్కన పడుకునేవాళ్ల దగ్గరికి వెళ్తారు. నేను క్వాయర్‌లో పాడతాను, సండే స్కూల్ చెప్తాను. ఇది మాత్రం నావల్ల కావట్లేదు. ప్యాకెట్లు కట్టిస్తాను గానీ వాళ్ల ఎదురుగా నిలబడితే నోరు పెగలదు. దేవుడు నన్ను దీనికి పిలవలేదేమో.

పాస్టర్: వందనాలమ్మా. పిలుపు లేదని అప్పుడే తేల్చేయకండి. ఏదో ఒకటి ప్రసంగించాలన్న బరువు మీకు మీరే ఎత్తుకున్నట్టున్నారు. మత్తయి 25లో ప్రభువు ఏం లెక్కపెట్టాడో చూడండి. ఆకలికి అన్నం, దాహానికి నీళ్లు, పరదేశికి చోటు, బట్ట, రోగి దగ్గరికి, చెరసాలకి వెళ్లడం. ప్రసంగం అందులో లేదు.

కాలర్: మరి వెళ్లి ఏం చెయ్యాలండీ?

పాస్టర్: ముందు కూర్చోండి. పైనుంచి వంగి మాట్లాడితే విచారణకి వచ్చినట్టుంటుంది. మీ పేరు చెప్పి వాళ్ల పేరడగండి, వచ్చే వారం ఆ పేరుతోనే పలకరించండి. రోజంతా పక్కనుంచి వందలమంది పోతారు, పేరు పెట్టి పిలిచేవాళ్లుండరు. తర్వాత కాళ్లు చూడండమ్మా. తడిసిన బూట్లలో రోజుల తరబడి నానితే చర్మం తెల్లబడి, చిట్లి పుండవుతుంది. షుగర్ ఉండి కాళ్లు తిమ్మిరెక్కినవాళ్లకి ఆ నొప్పి కూడా తెలియదు, కాలు తీసేసేదాకా పోవచ్చు. పొడి సాక్స్ ఒక జత ఇచ్చి, పుండుంటే ఆసుపత్రికి తోడు వెళ్లండి. యోహాను 13లో ప్రభువు శిష్యుల పాదాలు కడిగాడని చదివి కరిగిపోతాం కదా, ఇక్కడ ఆ పాదాలు మన కళ్లముందే ఉంటాయి.

కాలర్: ప్రార్థన?

పాస్టర్: అడిగి చేయండి. వద్దంటే సంతోషంగా ఊరుకోండి, ప్యాకెట్ మాత్రం ఇచ్చి రండి. అన్నానికి ప్రార్థన షరతు కాకూడదు, ఈ మాట నేను గట్టిగా చెప్తాను. విలియం బూత్, కేథరిన్ బూత్ దంపతులు 1865లో తూర్పు లండన్ పేదల మధ్య మొదలుపెట్టిన పనే 1878లో సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థ అయింది. సూప్, సబ్బు, ఆ తర్వాత రక్షణ, ఇదీ వాళ్ల వరస.

కాలర్: తాగి ఉన్నవాళ్లంటే భయమండీ.

పాస్టర్: ఒంటరిగా వెళ్లకండి. ప్రభువు కూడా శిష్యుల్ని ఇద్దరిద్దరిగానే పంపాడు. అరుస్తుంటే వెనక్కి వచ్చేయండి. “ఇవాళే మానెయ్” అని మాత్రం ఒత్తిడి పెట్టకండి. ఏళ్ల తరబడి బాగా తాగినవాళ్లు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. అది డాక్టర్ చూసుకోవాల్సిన పని. పిలిచినా పలకకుండా, ఊపిరి సరిగా ఆడకుండా ఎవరైనా కనబడితే వెంటనే అంబులెన్స్‌కి ఫోన్ చేయండి.

యాంకర్: ఫోటోల సంగతి కూడా చాలామంది అడుగుతున్నారు అయ్యగారూ.

పాస్టర్: తీయొద్దు. కొట్టే భర్త నుంచి పారిపోయి వచ్చిన ఆడవాళ్లుంటారు అక్కడ. మన గ్రూపులో పెట్టిన ఒక్క ఫోటో ఆమె జాడ చెప్పేస్తుంది.

కాలర్: అయితే ఈ శనివారం వెళ్తానండీ. మాట్లాడటం రాకపోతే?

పాస్టర్: పాతవాళ్లలో ఒక అక్క పక్కన కూర్చుని వినండి చాలు. వచ్చే శనివారం మళ్లీ వెళ్లండి.

యాంకర్: థాంక్యూ సిస్టర్. తర్వాతి కాల్ తీసుకుందాం.