ఆపరేషన్ పావుగంట, చుక్కలు నెల రోజులు

అందరికీ నమస్కారం. ముందు వరసలో సగం మంది నల్ల కళ్లద్దాలతోనే వచ్చారు కాబట్టి, కంటి శుక్లం అంటే ఏమిటో చెప్పి మీ టైం తినను. ఆపరేషన్ అయి ఇంటికొచ్చాక సంగతి మాట్లాడుకుందాం.

మా అమ్మకు డెబ్బై నాలుగో ఏట కుడికంటికి ఆపరేషన్ అయింది. పొద్దున వెళ్లి మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేశాం. గాటు మూడు మిల్లీమీటర్లు లేదు, కుట్లు లేవు. దాంతో మాకు చులకనైపోయింది. మూడో రోజు చూద్దును కదా, అమ్మ కుర్చీలో కూర్చుని, కళ్లు గట్టిగా మూసుకుని, రెప్పల మీద చుక్కలు వేసుకుంటోంది. మందంతా బుగ్గ మీదికే. ‘వేసుకుంటున్నానుగా’ అంటుంది. వేసుకుంటోంది, కంట్లో పడటం లేదంతే.

ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. పెద్దవాళ్లను పడుకోబెట్టి పైకి చూడమనండి. కింది రెప్పను మెల్లగా కిందికి లాగితే చిన్న జేబులా తెరుచుకుంటుంది. అందులో ఒక్క చుక్క చాలు, రెండోది బయటికే కారుతుంది. సీసా మూతి రెప్పకి తగలకూడదు. మరో మందు వేయాలంటే ఐదు నిమిషాలు ఆగాలి, లేకపోతే మొదటిది కొట్టుకుపోతుంది. సీసాలు రెండూ ఒకేలా ఉంటాయి, మీద అక్షరాలేమో చీమ తలకాయంత. అందుకే మేం వాపు తగ్గించే స్టెరాయిడ్ మందు సీసాకి ఎర్ర దారం చుట్టాం. దాన్ని డాక్టరు చెప్పినట్టు వారం వారం తగ్గించాలే గానీ, బాగుంది కదా అని మధ్యలో మానేస్తే లోపల వాపు తిరగబెడుతుంది. వేసిన ప్రతిసారీ క్యాలెండర్‌లో తిథి పక్కన గీత పెట్టేవాళ్లం.

పప్పు తింటే చీము పడుతుందని పక్కింటావిడ చెప్పింది. పడదు. శుభ్రంగా తినండి, ఆకుకూర ఇంకాస్త ఎక్కువే తినండి. మలబద్ధకంతో ముక్కితే కంటిమీద ఒత్తిడి పడుతుంది. నన్ను భయపెట్టింది హారతి! కళ్లకద్దుకోవడం అమ్మకి చిన్నప్పటి అలవాటు, చెయ్యి దానంతటదే వెళ్తుంది. మొదటి రెండు వారాలూ హారతి దూరం నుంచే చూపించాం. డాక్టరు సరేననే దాకా తలస్నానం, బిందె ఎత్తడం, సాష్టాంగ నమస్కారం వద్దు. నిద్రలో నలుపుకోకుండా రాత్రి కంటికి కవచం పెట్టాలి. ఒక కన్ను మూసుంటే మెట్టు లోతు అందదు, బాత్రూమ్ లైటు ఆర్పకండి. టీవీ చూడొచ్చు, సీరియల్ ఆపితే ఇంట్లో వేరే గొడవ.

నొప్పి, ఎరుపు పెరుగుతున్నా, చూపు నిన్నటికంటే మసకబారినా, మెరుపులు కనిపించినా, తెర అడ్డుపడినట్టున్నా అప్పటికప్పుడే ఆసుపత్రికి వెళ్లండి. అర్ధరాత్రైనా సరే. లోపల ఇన్ఫెక్షన్ అయితే గంటలు కూడా లెక్కే.

అమ్మకి రెండో కన్ను సంక్రాంతి తర్వాత. మూత తీసిన సీసా నెల దాటితే పనికిరాదు కాబట్టి పాతవి పారేశాను. ఎర్ర దారం మాత్రం అమ్మ విప్పి దాచుకుంది.