నెమ్మదిగా, నిలకడగా: కొత్తగా నేర్చుకునేవారి కోసం రిమోట్ కంట్రోల్ హెలికాప్టర్ అమరిక

సభకు నమస్కారం.

రిమోట్ కంట్రోల్ హెలికాప్టర్ కొనుక్కుని, మొదటి కొద్ది రోజుల్లోనే బ్లేడ్లు విరగ్గొట్టుకుని, ఇది మన వల్ల అయ్యే పని కాదని అటక మీద పెట్టేసినవారు ఈ అభిరుచిలో చాలామంది ఉన్నారు. వారి చేతుల్లో లోపముందని నేను అనుకోను. పిచ్, అంటే బ్లేడ్ల వాలు కోణం, మారే హెలికాప్టర్లలో చాలావాటిని తలకిందులుగా ఎగరేసి విన్యాసాలు చేసేవారిని దృష్టిలో పెట్టుకుని తయారుచేస్తారు. వాటితోపాటు వచ్చే సూచనల పుస్తకంలోని అంకెలు కూడా ఆ అవసరానికి తగ్గవే. ఆ అంకెలతోనే కొత్తవారు గాల్లోకి లేస్తే, వేలు ఒక మిల్లీమీటరు కదిలినా హెలికాప్టర్ మీటరు దూరం జరిగిపోతుంది. అందువల్ల ప్రశాంతంగా ఎగరగలమా లేదా అన్నది మైదానంలో కంటే ముందు ఇంట్లో, పనిబల్ల మీద తేలిపోతుంది. ఆ అమరికలో నేను అన్నిటికంటే ముఖ్యమనుకునే విషయం ఇది: మెత్తదనం మనం ఇచ్చే ఆదేశాల్లో ఉండాలి, యంత్రం మాత్రం ఎక్కడా వదులు లేకుండా బిగువుగా ఉండాలి.

ఉదాహరణకు 450 తరగతి హెలికాప్టర్‌ను తీసుకుందాం. 325 మిల్లీమీటర్ల బ్లేడ్లు, సుమారు 700 మిల్లీమీటర్ల రోటర్ వ్యాసం, మూడు సెల్లుల 2200 మిల్లీ యాంపియర్ అవర్ల లైపో బ్యాటరీ, కిలోకు లోపు బరువు దీని లక్షణాలు. విన్యాసాలు చేసేవారు దీని రోటర్‌ను నిమిషానికి 2800 చుట్లు, అంతకంటే ఎక్కువ కూడా తిప్పుతారు. 2800 చుట్ల దగ్గర బ్లేడు కొన గంటకు దాదాపు 370 కిలోమీటర్ల వేగంతో కదులుతుంది. దానిని 2100కు తగ్గిస్తే కొన వేగం 277 కిలోమీటర్లకు దిగుతుంది. వేగం తగ్గింది నాలుగో వంతే అయినా, తిరిగే వస్తువులో దాగిన శక్తి వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక, రోటర్‌లోని శక్తి 56 శాతానికి పడిపోతుంది. నేల తగిలినప్పుడు బ్లేడ్లతో సరిపోతుందా, మెయిన్ షాఫ్ట్, తోక బూమ్ కూడా వంగిపోతాయా అన్న తేడా చాలావరకు ఇక్కడే ఉంది. హెలికాప్టర్ స్పందన కూడా ఆ మేరకు నెమ్మదిస్తుంది, చప్పుడు తగ్గుతుంది, చూస్తూ నిలబడినవారికి భయం తగ్గుతుంది.

అయితే వేగాన్ని ఇష్టం వచ్చినంత తగ్గించడానికి వీల్లేదు. తోక రోటర్ ప్రధాన రోటర్‌కు పళ్ల చక్రాలతోనో బెల్టుతోనో కలిసి ఉంటుంది కాబట్టి ఒకటి నెమ్మదిస్తే రెండోదీ నెమ్మదిస్తుంది. ప్రధాన రోటర్ శరీరాన్ని తిప్పబోయే బలాన్ని తోక ఆపలేని స్థితి వస్తే, కొంచెం ఎక్కువ పిచ్ ఇవ్వగానే ముక్కు పక్కకు తిరిగిపోతుంది. ఇది చూసి గైరో, అంటే శరీరం తిరగడాన్ని పసిగట్టి తోకను సరిదిద్దే పరికరం, చెడిపోయిందనుకునేవారు ఉన్నారు. గైరో తన పని తాను చేస్తూనే ఉంటుంది, తోకకే బలం చాలదు. 450 తరగతికి 2100 నుంచి 2200 వరకు నాకు సురక్షితంగా తోచే పరిధి. వేగం తగ్గించినప్పుడు తోక గైరో గెయిన్‌ను (అది ఎంత గట్టిగా సరిదిద్దాలో చెప్పే అంకెను) కొంత పెంచుకోవాలని కూడా గుర్తుంచుకోండి. పెంచుతూ పోయి తోక ఇటూ అటూ గబగబా ఊగడం మొదలయ్యాక రెండు మెట్లు వెనక్కి రావాలి.

వేగం ఎలా తగ్గించాలన్నది కూడా ఆలోచించవలసిన ప్రశ్నే. చాలామంది ట్రాన్స్‌మిటర్‌లో థ్రాటిల్ కర్వ్‌ను, అంటే స్టిక్ ఏ స్థానంలో ఉంటే మోటార్‌కు ఎంత శక్తి వెళ్లాలో చెప్పే రేఖను, కిందికి దించి ఊరుకుంటారు. ఒక్కో వోల్టుకు 3500 చుట్లు తిరిగే మోటార్‌కు 11.1 వోల్టులు ఇచ్చి, 13 పళ్ల పినియన్‌తో (మోటార్ ఇరుసు మీది చిన్న పళ్ల చక్రంతో) 150 పళ్ల ప్రధాన చక్రాన్ని తిప్పితే, నష్టాలను లెక్కలోకి తీసుకోకుండా, రోటర్ వేగం 3367 అవుతుంది. అక్కడి నుంచి 2100కు రావాలంటే మోటార్ వేగాన్ని నియంత్రించే స్పీడ్ కంట్రోలర్ 62 శాతం దగ్గర పనిచేయాలి. పినియన్‌ను 11 పళ్లదిగా మారిస్తే పై హద్దు 2849కి దిగుతుంది. అదే 2100కు కంట్రోలర్ 74 శాతం దగ్గర పనిచేస్తుంది. సగం తెరిచిన థ్రాటిల్ దగ్గర ఎక్కువసేపు నడిచే కంట్రోలర్ బాగా వేడెక్కుతుంది. మన ఏప్రిల్, మే నెలల ఎండలో ఈ తేడా చేత్తో తాకితేనే తెలుస్తుంది. చిన్న పినియన్ ఖరీదు తక్కువే; కొత్తవారికి నేను ముందుగా సూచించే మార్పు అదే. కంట్రోలర్‌లో గవర్నర్ సదుపాయం ఉంటే దానిని వాడండి. రోటర్ వేగం మారినప్పుడల్లా శరీరాన్ని తిప్పే బలం మారి తోక అదురుతుంది; గవర్నర్ ఆ వేగాన్ని ఒకే చోట నిలిపి ఉంచుతుంది.

ఇక పిచ్. రోటర్ వేగం తగ్గింది కనుక అదే బరువును ఎత్తడానికి బ్లేడు కోణం పెరగాలి. 2100 దగ్గర హెలికాప్టర్ ఐదారు డిగ్రీలతో గాల్లో నిలుస్తుంది. విన్యాసాలకు పెట్టే ప్లస్ 12, మైనస్ 12 అమరికలో స్టిక్ మధ్యలో పిచ్ సున్నా ఉంటుంది. నేర్చుకునేవారికి అది పనికిరాదు. స్టిక్ అడుగున మైనస్ రెండు లేదా మూడు, మధ్యలో ఐదు, పైన తొమ్మిది డిగ్రీలు పెట్టండి. అప్పుడు స్టిక్ సగంలో ఉన్నప్పుడు హెలికాప్టర్ నిలుస్తుంది, పైకీ కిందికీ చాలినంత జాగా మిగులుతుంది. మైనస్ అసలే వద్దని కొందరు సలహా ఇస్తారు. నేను ఒప్పుకోను. గాలి కింది నుంచి ఎత్తుతున్నప్పుడు దించడానికి రెండు మూడు డిగ్రీల మైనస్ కావాలి. అంతకంటే ఎక్కువ ఉంటే మాత్రం, కంగారులో స్టిక్‌ను పూర్తిగా కిందికి లాగిన మనిషి హెలికాప్టర్‌ను తానే నేలకేసి కొట్టినట్టవుతుంది. అలాగే విన్యాసాల అమరికకు మార్చే ఐడిల్ అప్ స్విచ్ పొరపాటున తగిలినా ఏమీ మారకుండా, అన్ని స్థానాలకూ ఇవే అంకెలు ఇచ్చి ఉంచండి.

ఈ అంకెలన్నీ నిజం కావాలంటే యంత్రం సరిగ్గా ఉండాలి. మోటార్‌కు వెళ్లే మూడు తీగల్లో రెండింటిని విప్పేసి, ఆ తర్వాతే బల్ల మీద విద్యుత్తు ఇవ్వండి. ఈ నియమానికి మినహాయింపు లేదు. బ్లేడ్ల కోణాన్ని మార్చే చిన్న మోటార్లైన మూడు సర్వోల కొమ్ములు మధ్య స్థానంలో తమ లింకులకు లంబంగా ఉండాలి. సర్వోల కదలికను తిరిగే బ్లేడ్లకు అందించే పళ్లెం లాంటి స్వాష్‌ప్లేట్ మెయిన్ షాఫ్ట్‌కు లంబంగా, సమతలంగా ఉండాలి. లింకు పొడవులను చేత్తో సరిచేయగలిగిన చోట ట్రాన్స్‌మిటర్‌లోని సబ్ ట్రిమ్‌తో (సర్వో మధ్య స్థానాన్ని జరిపే అమరికతో) సరిపెట్టకండి. పిచ్ గేజ్‌తో రెండు బ్లేడ్లనూ విడివిడిగా కొలవండి. ఒకదానికి రంగు టేపు అంటించి ఉంచితే, తిరిగేటప్పుడు రెండు కొనలూ ఒకే తలంలో ఉన్నాయో లేదో దూరం నుంచే తెలుస్తుంది. ఒకటి పైన, ఒకటి కింద కనిపిస్తే లింకును అర చుట్టు చొప్పున తిప్పి సరిచేయాలి. బ్లేడు బోల్టులను హెలికాప్టర్‌ను పక్కకు వంచినప్పుడు బ్లేడు బరువుగా, నెమ్మదిగా వాలేంత మాత్రమే బిగించాలి. లోహం లోహంలోకి దిగే ప్రతి స్క్రూకూ నీలం రంగు థ్రెడ్‌లాక్ ఒక చుక్క కావాలి.

బరువు సమతూకం చూసే పద్ధతి సులభం. బ్లేడ్లను తోకకు అడ్డంగా ఉంచి, రోటర్ తల దగ్గర పట్టుకుని పైకెత్తితే తోక బూమ్ నేలకు సమాంతరంగా నిలవాలి. ముక్కు వాలితే బ్యాటరీని వెనక్కి జరపండి. ముందు భాగాన్ని కప్పే తొడుగు (కానపీ) బిగించాకే ఈ పరీక్ష చేయండి.

యంత్రం ఇలా సిద్ధమయ్యాక దానిని మెత్తబరచవచ్చు. ఇక్కడ ఒక తప్పుదారి ఉంది: సర్వో కదలికనే కుదించి స్పందనను తగ్గించడం. దానివల్ల సర్వో సూక్ష్మత పోతుంది, గాలి తోసినప్పుడు సరిదిద్దుకునే అవకాశం గైరోకు పోతుంది. మార్చవలసింది మన వేలికీ యంత్రానికీ మధ్య ఉన్న నిష్పత్తి. సైక్లిక్ రేటును, అంటే ముందుకూ వెనక్కీ పక్కలకూ వంచే స్టిక్‌కు హెలికాప్టర్ ఎంత స్పందించాలన్న దానిని, 60 నుంచి 70 శాతానికి తగ్గించి, 30 శాతం ఎక్స్‌పో ఇవ్వండి. స్టిక్ మధ్య భాగం మెత్తబడడానికి స్పెక్ట్రమ్ ట్రాన్స్‌మిటర్లలో ఎక్స్‌పోను ధన సంఖ్యగా, ఫుటాబాలో రుణ సంఖ్యగా ఇవ్వాలి. తారుమారైతే మధ్యలోనే మరింత పదునెక్కుతుంది కాబట్టి తెర మీద గీసి చూపే వక్రరేఖను చూసి నిర్ధారించుకోండి.

ఒకప్పుడు ఈ మెత్తదనం ఫ్లైబార్ నుంచి, అంటే రోటర్ తల మీద బ్లేడ్లకు అడ్డంగా ఉండే కడ్డీ నుంచి వచ్చేది. దాని చివర తెడ్లను బరువైనవిగా మార్చినా, బరువులను కొనల వైపు జరిపినా హెలికాప్టర్ నిదానించేది. ఇప్పుడు ఆ పనిని మూడు అక్షాల గైరో ఉన్న చిన్న కంట్రోలర్ చేస్తోంది. ఫ్లైబార్ రోజుల అలవాటు ఒకటి ఇక్కడ ప్రమాదకరం. హెలికాప్టర్ ఒక పక్కకు జరుగుతోందని ట్రాన్స్‌మిటర్ ట్రిమ్ నొక్కడం అప్పట్లో సరైన పని. ఫ్లైబార్ లేని హెలికాప్టర్‌లో కంట్రోలర్ ఆ ట్రిమ్‌ను ‘ఇటు తిరుగుతూనే ఉండు’ అన్న ఆదేశంగా తీసుకుంటుంది. ట్రిమ్‌లు అన్నీ సున్నా దగ్గరే ఉండాలి.

ఎగరేముందు గైరో దిశను తప్పక పరీక్షించండి. చేత్తో ముక్కును ఎడమకు తిప్పినప్పుడు, మీరు కుడి రడ్డర్ ఇస్తే (ముక్కును కుడికి తిప్పమంటే) తోక స్లైడర్ ఎటు కదులుతుందో అటే కదలాలి. హెలికాప్టర్‌ను ముందుకు వంచితే స్వాష్‌ప్లేట్ వెనక్కి వంగాలి. ఇవి తిరగబడి ఉంటే లేచిన క్షణంలోనే అంతా ముగిసిపోతుంది. స్విచ్ నొక్కితే హెలికాప్టర్‌ను సమతలంలోకి తెచ్చే రక్షణ సదుపాయం మీ కంట్రోలర్‌లో ఉంటే దానిని వేలికి అందే చోట పెట్టుకోండి. అది ఎప్పుడూ పనిచేస్తూ ఉండే పద్ధతిని మాత్రం నేను సిఫారసు చేయను. స్టిక్ వదిలేస్తే అదే నిలుస్తుందన్న అలవాటు ఒకసారి పడితే మానుకోవడం చాలా కష్టం.

మైదానం సంగతి క్లుప్తంగా చెబుతాను. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నియమాలు వినోదం కోసం కంటిచూపు మేరలో ఎగరేసే 25 కిలోల లోపు మోడళ్లను కూడా తమ పరిధిలోకి తెచ్చాయి. ఎక్కడ ఎగరేయవచ్చో, ఎక్కడ అనుమతి కావాలో చెప్పే ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మండలాల పటం ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైటు డిజిటల్ స్కైలో ఉంది. హైదరాబాద్ చుట్టూ శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ విమానాశ్రయాలు, వైమానిక స్థావరాలు ఉన్నందున మీ ఖాళీ స్థలం ఏ మండలంలోకి వస్తుందో ముందే చూసుకోవాలి. గాలి తక్కువగా ఉండే తెల్లవారుజామున, మనుషులు తిరగని చోట, హెలికాప్టర్‌కు కనీసం పది మీటర్ల దూరంలో తోక మీ వైపు ఉండేలా నిలబడండి. అడ్డంగా కట్టే శిక్షణ కర్రలను స్కిడ్లకు (హెలికాప్టర్ కింది కాళ్లకు) బిగించండి. మోటార్‌ను ఆపే థ్రాటిల్ హోల్డ్ స్విచ్‌ను చూడకుండా నొక్కగలిగే వరకు ఇంట్లో సాధన చేయండి. పడబోతోందని తెలిసిన క్షణంలో ముందు నొక్కవలసింది అదే.

మొదటిసారి లేపినప్పుడు జానెడు ఎత్తులో ఆపడానికి ప్రయత్నించకండి. రోటర్ వ్యాసమంత ఎత్తు దాటే వరకు బ్లేడ్లు తోసిన గాలి నేలకు తగిలి మళ్లీ పైకి లేచి హెలికాప్టర్‌ను కుదుపుతూ ఉంటుంది; పైకి వెళ్లే కొద్దీ అది క్రమంగా తగ్గుతుంది. పైనుంచి చూస్తే గడియారం దిశలో తిరిగే రోటర్ ఉన్న మోడల్, తోక తోపు వల్ల ఎడమకు జరగజూస్తుంది. దానిని ఆపడానికి హెలికాప్టర్ కొద్దిగా కుడికి వాలి నిలవడం సహజం, అమరిక దోషం కాదు. ఒక్కో సెల్ 3.8 వోల్టులకు రాకముందే దిగండి. దిగాక మోటార్‌నూ, స్పీడ్ కంట్రోలర్‌నూ, బ్యాటరీనీ తాకి చూడండి. ఏదైనా వేలు పెట్టలేనంత వేడిగా ఉంటే పినియన్ లెక్క మళ్లీ చూడవలసి ఉంటుంది.

ఈ బల్ల మీద ఉన్న హెలికాప్టర్ ఇంకా విన్యాసాల అమరికలోనే ఉంది. మోటార్ తీగలు విప్పే ఉంచాను. పిచ్ గేజ్ బిగించి, స్టిక్ మధ్యలో సున్నాను ఐదు డిగ్రీలకు తీసుకువచ్చే పని ఇప్పుడు మీ ముందు చేస్తాను. వెనక వరసల్లో ఉన్నవారు దయచేసి దగ్గరికి రండి.