తూర్పున గోడలు, పడమట దారులు: అమెరికా అంతర్యుద్ధాన్ని తేల్చిన నదులు

సభాధ్యక్షులకు, పెద్దలకు, మిత్రులకు నమస్కారం.

అమెరికా అంతర్యుద్ధం సైనికంగా ఎలా నడిచిందో చెప్పమని నిర్వాహకులు అడిగారు. నాలుగేళ్ల యుద్ధం. చిన్నాపెద్దా కలిపితే వేల పోరాటాలు. అన్నీ వరసగా చెప్పుకుంటూ పోతే మీరు సగంలోనే లేచి వెళ్తారు, అందులో మీ తప్పేమీ ఉండదు. అందుకని ఒక్క మాటే పట్టుకుంటాను. ఈ యుద్ధానికి పేరు తూర్పున వచ్చింది. ఫలితం మాత్రం పడమట తేలింది.

కారణం సంగతి రెండు ముక్కల్లో ముగిస్తాను. రాష్ట్రాల హక్కుల కోసం దక్షిణాదివాళ్లు దేశం నుంచి విడిపోయారని ఇప్పటికీ వాదించేవాళ్లున్నారు. మిసిసిపీ రాష్ట్రం తాను విడిపోతూ చేసిన ప్రకటనలో మొదటి కారణంగా బానిసత్వాన్నే చెప్పుకుంది. అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. 1860 డిసెంబర్ 20న సౌత్ కరోలినాతో మొదలై మొత్తం పదకొండు రాష్ట్రాలు విడిపోయాయి. 1861 ఏప్రిల్ 12న చార్లెస్టన్ రేవులోని ఉత్తరాది సైనికులున్న సమ్టర్ కోట మీద దక్షిణాది ఫిరంగులు పేలాయి.

బలాబలాలు చూస్తే ఉత్తరాదిలో దాదాపు రెండు కోట్ల ఇరవై లక్షల జనం. దక్షిణాదిలో తొంభై లక్షలు, అందులో ముప్పై అయిదు లక్షల మంది బానిసలు. రైలు మార్గం ఉత్తరాదిలో సుమారు 22,000 మైళ్లు, దక్షిణాదిలో 9,000. కర్మాగారాల్లో అయితే పోలికే లేదు. మరి నాలుగేళ్లు ఎందుకు పట్టింది? దక్షిణాది గెలవనక్కర్లేదు, ఓడకుండా ఉంటే చాలు. ఉత్తరాది మాత్రం అంత విశాలమైన నేలలోకి చొరబడి, పట్టుకుని, నిలబడాలి.

ఇప్పుడు ఈ పటం చూడండి. వాషింగ్టన్ ఇక్కడ, దక్షిణాది రాజధాని రిచ్మండ్ ఇక్కడ. మధ్య దూరం వంద మైళ్లు. మన విజయవాడ నుంచి రాజమండ్రి దాకా అనుకోండి. ఇంత దగ్గరలో ఉన్న ఊరు పట్టుకోవడానికి నాలుగేళ్లా! ఆ వంద మైళ్లలో నదులన్నీ పడమటి నుంచి తూర్పుకు, దాడి చేసే సైన్యానికి అడ్డంగా పారతాయి. ర్యాపహానక్, పమంకీ, చికహామినీ, జేమ్స్. ప్రతి నదీ ఒక గోడ. 1862 నవంబర్‌లో ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర ఉత్తరాది సేనాని బర్న్‌సైడ్ ర్యాపహానక్ దాటడానికి పడవల వంతెనల కోసం రోజుల తరబడి ఎదురుచూశాడు. అవి వచ్చేలోగా అవతలి గట్టున దక్షిణాది సేనాని లీ గుట్టలన్నీ పట్టుకున్నాడు. డిసెంబర్‌లో ఆ గుట్టల కిందికి పంపిన దండు మీద దండు కూలింది. ఉత్తరాదికి ఒక్కరోజులో పన్నెండు వేల మందికి పైగా చావులు, గాయాలు, గల్లంతులు. లీ గొప్ప సేనాని, కాదనను. కానీ ఆయన కీర్తిలో ఆ నదుల వాటా కూడా ఉంది.

పడమట నీళ్లు ఇలా పారవు. టెనెసీ నది తూర్పు కొండల్లో పుట్టి, అలబామాలోకి దిగి, అక్కడ మలుపు తిరిగి ఉత్తరాన ఒహాయో నదిలో కలుస్తుంది. కంబర్లాండ్ కూడా దాదాపు అలాగే. అంటే దక్షిణాది కడుపులోకి వేసిన రెండు దారులు, తలుపులు ఉత్తరాది వైపు తెరిచి ఉన్నాయి. ఆ తలుపుల దగ్గర రెండు కోటలు: హెన్రీ, డొనెల్సన్.

1862 ఫిబ్రవరి 6న హెన్రీ కోటను ఉత్తరాది గన్‌బోట్లే, అంటే ఫిరంగులు బిగించిన పడవలే, పట్టుకున్నాయి. పల్లంలో కట్టిన కోట అది, వరదనీళ్లు లోపలికి వచ్చేశాయి. పది రోజులకు డొనెల్సన్. అక్కడ గన్‌బోట్లు బాగా దెబ్బతిన్నాయి. అయినా ఒక సౌలభ్యం ఉంది. ప్రవాహం ఉత్తరానికి కాబట్టి యంత్రం చెడిన పడవ కూడా దానంతటది సొంతవాళ్ల వైపే కొట్టుకొస్తుంది. నేలమీద ఉత్తరాది సేనాని గ్రాంట్ చుట్టుముట్టి ఉన్నాడు. కోట లోపలున్న దక్షిణాది సేనాని బక్నర్ ఒకప్పుడు గ్రాంట్‌ను కష్టకాలంలో ఆదుకున్న మిత్రుడు. షరతులేమిటని అడిగితే, బేషరతుగా లొంగిపోవడమే అని గ్రాంట్ జవాబు. పన్నెండు వేల మందికి పైగా లొంగిపోయారు. ఆ నెల ముగిసేలోపే టెనెసీ రాజధాని నాష్‌విల్ దక్షిణాది చేజారింది. ఏప్రిల్‌లో షైలో దగ్గర ఇరుపక్షాలకూ కలిపి 23,000 మందికి పైగా నష్టం. ఆ నెలాఖరుకు ఉత్తరాది నౌకాధిపతి ఫారగట్ దళం సముద్రం నుంచి వచ్చి, మిసిసిపీ నది ముఖద్వారం దగ్గరి న్యూఆర్లిన్స్ పట్టుకుంది.

సముద్రం మాట వచ్చింది కాబట్టి చిన్న పక్కదారి. దక్షిణాది రేవులను ఉత్తరాది దిగ్బంధించడంతో ఇంగ్లండ్‌లోని లాంకషైర్ మిల్లులకు పత్తి కరువైంది. మన దేశపు పత్తికి ఎక్కడలేని గిరాకీ వచ్చింది. కాకినాడ రేవు నుంచి పత్తి ఎగుమతి ఊపందుకున్నది ఆ రోజుల్లోనే. 1865లో యుద్ధం ఆగేసరికి ధరలు పడి, బొంబాయిలో షేర్ల వ్యాపారులు కుప్పకూలారు.

మళ్లీ నదికి వద్దాం. మిసిసిపీ నది మీద మిగిలిన పెద్ద అడ్డు విక్స్‌బర్గ్. నది వెనక్కి తిరిగే మెలిక మీద ఎత్తైన గట్టు, దానిమీద ఫిరంగులు. ఇక్కడ ప్రవాహం గ్రాంట్‌కు ఎదురు తిరిగింది. ఉత్తరం నుంచి వచ్చిన పడవ దెబ్బతింటే శత్రువు ఫిరంగుల కిందికే కొట్టుకుపోతుంది. క్షేమంగా కిందికి దిగినా, తిరిగి ఎక్కాలంటే ఎదురీత, మెల్లగా పోయే పడవ తేలిగ్గా గురికి దొరుకుతుంది. ఒకసారి దిగితే తిరిగి రావడం ఉండదని నౌకాదళాధిపతి పోర్టర్ ముందే చెప్పాడు. ఆ చలికాలమంతా గ్రాంట్ కాలువలు తవ్వించాడు, బురదలో దారులు వెతికించాడు. ఒక్కటీ ఫలించలేదు. పత్రికలు తిట్టిపోశాయి.

1863 ఏప్రిల్ 16 రాత్రి పడవలు దిగాయి. కాపుదలకు పక్కల పత్తి బేళ్లు, గడ్డిమోపులు పేర్చారు. నది కనబడాలని దక్షిణాదివాళ్లు ఒడ్డున ఇళ్లకు నిప్పు పెట్టారు. ఒక్క రవాణా పడవ తప్ప అన్నీ దాటాయి. సైన్యం అవతలి గట్టున నడిచి దక్షిణానికి వచ్చింది. ఎక్కడ దిగాలి? బ్రూయిన్స్‌బర్గ్ దగ్గర మంచి రేవుంది, లోపలికి బాట ఉంది అని చెప్పింది ఒక నల్లజాతి మనిషి. గ్రాంట్ తన జ్ఞాపకాల్లో ఆ సంగతి రాశాడు, పేరు మాత్రం రాయలేదు.

ఏప్రిల్ 30న నది దాటాక అందరూ అనుకున్నట్టు నేరుగా విక్స్‌బర్గ్ మీదికి పోలేదు. ముందు ఈశాన్యంగా మిసిసిపీ రాష్ట్ర రాజధాని జాక్సన్ మీద పడి, రైలు మార్గం తెంచి, అప్పుడు పడమటికి తిరిగాడు. మే 1 నుంచి 17 లోపు అయిదు పోరాటాలు, అయిదూ గెలుపే. ఈ యుద్ధం మొత్తంలో ఇంతకు మించిన సైనిక నైపుణ్యం నాకు కనబడదు, లీ అభిమానులు ఏమన్నా సరే. తర్వాత నేరుగా చేసిన దాడులు రెండుసార్లు విఫలమై ముట్టడి మొదలైంది. ఊరి జనం గట్టు తొలిచి గుహల్లో తలదాచుకున్నారు, కంచరగాడిద మాంసం తిన్నారు. కాగితం లేక స్థానిక పత్రికను గోడలకు అంటించే కాగితం వెనుక అచ్చేశారు. 47 రోజులకు, జులై 4న, 29,000 మందికి పైగా సైనికులు లొంగిపోయారు. దక్షిణాది రెండు ముక్కలైంది.

దానికి ముందురోజే గెటిస్‌బర్గ్ ముగిసింది. మూడు రోజుల్లో రెండువైపులా సుమారు 51,000 మంది చావులు, గాయాలు, గల్లంతులు. గొప్ప పోరాటమే. కానీ లీ తన సైన్యంతో వర్జీనియాకు తిరిగిపోగలిగాడు. విక్స్‌బర్గ్‌లో సైన్యానికి సైన్యమే మాయమైంది.

జార్జియా రాష్ట్రంలోని అట్లాంటా సంగతి వేరు. అక్కడ నదులు మళ్లీ అడ్డం, చాటనూగా నుంచి ఉన్న ఒక్క రైలు మార్గమే దారి. 1864 మేలో ఉత్తరాది సేనాని షెర్మన్ ఆ పట్టాల వెంట బయలుదేరాడు. మీలో కొందరి పిల్లలు అట్లాంటా చుట్టుపక్కల ఉంటారు. ఈసారి వెళ్లినప్పుడు కెనెసా కొండ ఎక్కి రండి. ఆ జూన్ 27న షెర్మన్ నేరుగా దాడిచేసి దెబ్బతిన్నది అక్కడే.

అదే వేసవిలో వర్జీనియాలో గ్రాంట్, లీ ఒకరినొకరు పట్టుకుని వదల్లేదు. నెత్తురు ఏరులై పారింది, రిచ్మండ్ అందలేదు. జనం విసిగిపోయారు. ఆగస్టు 23న లింకన్ తాను ఎన్నికల్లో ఓడిపోయేలా ఉన్నానని కాగితం మీద రాసి, మడిచి, చదవనివ్వకుండానే మంత్రులచేత సంతకాలు చేయించాడు. సరిగ్గా పది రోజులకు, సెప్టెంబర్ 2న, అట్లాంటా పడింది. నవంబర్‌లో అధ్యక్షుణ్ని తేల్చే ఎలక్టోరల్ ఓట్లు 212 లింకన్‌కు, 21 ప్రత్యర్థి మెక్‌లెలన్‌కు.

ఆ తర్వాత జరిగింది త్వరగా చెప్పొచ్చు. షెర్మన్ సుమారు 62,000 మందితో సముద్రం దాకా నడిచి డిసెంబర్ 21న సవానా పట్టుకున్నాడు. దారిపొడవునా పట్టాలు కాల్చి, చెట్లకు మెలిపెట్టించాడు. రిచ్మండ్ దగ్గరి పీటర్స్‌బర్గ్ కందకాల్లో లీని తొమ్మిది నెలలు కట్టిపడేసి, రైలు మార్గాలు ఒక్కొక్కటీ కోసేశాడు గ్రాంట్. 1865 ఏప్రిల్ 9న అపోమాటక్స్‌లో లీ లొంగిపోయాడు. అప్పటికి ఉత్తరాది సైన్యంలో పనిచేసిన నల్లజాతి సైనికులు లక్షా ఎనభై వేల దాకా ఉంటారు, వాళ్లలో చాలామంది నిన్నటి బానిసలు.

విక్స్‌బర్గ్ పతనంతో విడిపోయిన మిసిసిపీ నది అవతలి ముక్క ఇంకా మిగిలే ఉంది. ఆ సేనల లొంగుబాటు మీద సేనాపతి సంతకం జూన్ 2న గానీ పడలేదు. జూన్ 19న ఉత్తరాది జనరల్ గ్రేంజర్ టెక్సస్‌లోని గాల్వెస్టన్‌లో దిగి, బానిసలందరూ స్వతంత్రులన్న ఉత్తర్వు వెలువరించాడు. లింకన్ విముక్తి ప్రకటన అమల్లోకి వచ్చి అప్పటికి రెండున్నరేళ్లు.