చవక కారుకి బ్యాటరీ సిద్ధమేనా? లెక్క వేసి చూద్దాం

నమస్కారం. ఎలక్ట్రిక్ కారు కొనాలా, పెట్రోల్ ఇంజినూ మోటారూ రెండూ ఉన్న హైబ్రిడ్ సరిపోతుందా, ఇంకొన్నాళ్లు ఆగాలా? కాగితం, పెన్ను పట్టుకోండి, లెక్కలోనే తేల్చుకుందాం.

స్పెక్స్ షీట్‌లో ముందు కిలోవాట్ అవర్ అంకె చూడండి. అదే మన కరెంటు యూనిట్. చిన్న కారు 100 కిలోమీటర్లకు ఇంచుమించు 15 యూనిట్లు తాగుతుంది. అంటే 30 యూనిట్ల బ్యాటరీతో 200 కిలోమీటర్లు. బ్లూమ్‌బెర్గ్ ఎన్ఈఎఫ్ అనే ఇంధన రంగ పరిశోధన సంస్థ సర్వే ప్రకారం 2010లో ప్యాక్ (అంటే మొత్తం బ్యాటరీ) ధర యూనిట్‌కి వెయ్యి డాలర్ల పైమాటే. 2024లో సగటు 115 డాలర్లు. మన 30 యూనిట్ల ప్యాక్ 30 వేల డాలర్ల నుంచి 3,450కి దిగిందన్నమాట. రోజూ తిరిగే దూరం తక్కువైతే, ఇంట్లో ప్లగ్ ఉంటే, బ్యాటరీ సిద్ధమేనని నేనంటాను. ఒక్క ఛార్జింగ్‌తో 500 కిలోమీటర్లు కావాలంటే మాత్రం ఖరీదూ బరువూ రెండూ నెత్తిన పడతాయి.

ఇప్పుడు బ్యాటరీ రకం చూడండి. ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) అని ఉంటే అందులో నికెల్, కోబాల్ట్ ఉండవు. అందుకే చవక. ఎక్కువసార్లు ఛార్జింగ్ తట్టుకుంటుంది, తొందరగా మంటలు అంటుకోదు. కాకపోతే అదే బరువుకి నికెల్, మాంగనీస్, కోబాల్ట్ వాడే ఎన్ఎంసీ బ్యాటరీ అంత కరెంటు దాచుకోదు, గట్టి చలిలో ఛార్జింగ్ నత్తనడకే. ఇంకో చిక్కుంది. ఛార్జ్ తగ్గుతున్నా దాని వోల్టేజ్ చాలాసేపు కదలదు, దాంతో మీటర్ అంచనా తప్పుతుంది. అప్పుడప్పుడు 100 శాతం నింపమని కంపెనీలు చెప్పేది అందుకే.

హైబ్రిడ్ సంగతి పూర్తిగా వేరు. 2003లో వచ్చిన రెండో తరం టొయోటా ప్రియస్ బ్యాటరీ ఎంతనుకున్నారు? 1.3 యూనిట్లే! బ్రేక్ వేసినప్పుడు వచ్చే కరెంటు పట్టుకోవడం, ఎక్సలరేటర్ నొక్కగానే తిరిగిచ్చేయడం దాని పని. నింపుకుని దూరం పోవడం కాదు. ఈ పనికి బ్యాటరీ ఎప్పుడో సిద్ధమైంది. హైబ్రిడ్ ధర పెరిగేది బ్యాటరీ వల్ల కంటే ఇంజినూ మోటారూ రెండూ మోయాల్సి రావడం వల్ల.

ఇప్పుడు స్క్రీన్ మీద ఈ ఛార్జింగ్ గీత చూడండి. 10 నుంచి 80 శాతం దాకా చకచకా ఎక్కింది. అక్కణ్ణుంచి ఎలా చతికిలబడిందో చూశారా? బ్యాటరీలోని సెల్ నిండేకొద్దీ కరెంటు తగ్గించకపోతే పాడవుతుంది. ప్రకటనల్లో '80 శాతం వరకు' అని చిన్న అక్షరాల్లో ఉండేది ఇందుకే. దూర ప్రయాణాల్లో 80 దగ్గర తీసేసి బయల్దేరడమే లాభం.

చివరగా వారంటీ కాగితం తీయండి. 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల దాకా బ్యాటరీ కెపాసిటీ కొత్తదానిలో 70 శాతం కంటే తగ్గదన్నది చాలా కంపెనీలు ఇచ్చే హామీ. ఆ శాతం ఎక్కడా రాయకపోతే, అడ్వాన్స్ కట్టే ముందే రాతపూర్వకంగా అడగండి.