కట్ట కింద ఊటనీరు ఏ రంగులో ఉంది?

[తెర మీద: గడ్డి పెరిగిన మట్టికట్ట. కెమెరా దిగువ వాలు మీదుగా దిగి, కట్ట పాదం దగ్గర ఒక తడి మచ్చ మీద ఆగుతుంది.]

వాయిస్: ఈ తడి చూశారా? అరచేయంత చోటు. చుట్టూ గడ్డి ఎండిపోయినా ఇక్కడ మాత్రం పచ్చగా ఉంది. కట్టకు అవతల జనం తాగే నీళ్లున్నాయి. మరి ఈ తడిని చూసి భయపడాలా, వద్దా?

మట్టికట్ట అన్నాక ఊట ఉంటుంది. మట్టి రేణువుల సందుల్లోంచి నీరు మెల్లగా ఇవతలికి వస్తూనే ఉంటుంది. బాగా కట్టిన కట్ట అయితే మధ్యలో ఉన్న బంకమట్టి గోడ ఆ వేగాన్ని తగ్గిస్తుంది. దాని వెనక ఉన్న ఇసుక పొర నీటిని వదిలి మట్టిని పట్టుకుంటుంది. అందుకే ఊట కనిపించగానే కంగారు పడక్కర్లేదు. మట్టి కూడా వస్తోందా అన్నది చూడాలి.

[తెర మీద: గాజు సీసాలోకి ఊటనీరు పడుతున్న దృశ్యం, బాగా దగ్గరగా.]

ఇందుకు ఒక గాజు సీసా చాలు. నీరు పట్టి, వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడండి. తర్వాత గంటసేపు కదపకుండా వదిలేయండి. పట్టేటప్పుడు కాలవలో అడుగుమట్టి కలవకుండా చూసుకోవాలి, లేకపోతే లేనిపోని టెన్షన్. నీరు తేటగానే ఉంటే తేదీ రాసి పెట్టుకోండి. అడుగున సన్నటి మట్టి పేరుకుందా, ఆ రోజే ఇంజనీరుకు ఫోన్ చేయాలి.

ఎందుకంటే, బయటికి వచ్చిన మట్టి ఎంతో, కట్ట లోపల అంత ఖాళీ పడినట్టే. ఆ ఖాళీలో నీరు ఇంకా జోరుగా పారుతుంది, ఇంకా మట్టి తెస్తుంది. ఇలా ఇవతలి చివర నుంచి వెనక్కి, నీళ్ల వైపుకు తొలుచుకుంటూ పోతుంది. బుంగ పడిందంటారే, అదే ఇది. అమెరికాలోని ఐడహోలో టీటన్ డ్యామ్ 1976 జూన్ 5న ఇలాగే పోయింది. పొద్దున బురద ఊట కనబడింది, మధ్యాహ్నం 12 కాకముందే డ్యామ్ తెగింది. 11 మంది చనిపోయారు. అది 93 మీటర్ల డ్యామ్. చిన్న కట్టకు ఆ మాత్రం టైమ్ కూడా దొరక్కపోవచ్చు.

[తెర మీద: రేకులో త్రికోణాకారపు కోత, అందులోంచి పారుతున్న నీరు, పక్కన స్కేలు.]

రంగుతో పాటు కొలత కూడా కావాలి. ఊటకాలవకు అడ్డంగా 90 డిగ్రీల వి-ఆకారపు కోత ఉన్న రేకు నిలబెట్టండి. రేకుకు కాస్త ఎగువన స్కేలు పెట్టి, కోత అడుగు నుంచి నీటిమట్టం ఎంత ఎత్తుందో చూడండి. 5 సెంటీమీటర్లుంటే సెకనుకు సుమారు ముప్పావు లీటరు వస్తున్నట్టు. 10 సెంటీమీటర్లయితే 4 లీటర్లు దాటుతుంది. స్కేలు మీద రెట్టింపే, నీరు మాత్రం అయిదు రెట్లకు పైనే. ఆ పక్కనే జలాశయం నీటిమట్టం కూడా రాయాలి. మట్టం పెరిగినప్పుడు ఊట పెరగడం సహజం. మట్టం అలాగే ఉండి ఊట పెరిగిందంటే లోపల ఏదో మారింది. నన్నడిగితే, ఏడాదికోసారి వచ్చే పెద్ద తనిఖీ కంటే వారం వారం రాసే ఈ నోటుపుస్తకమే కట్టను ఎక్కువ కాపాడుతుంది.

అన్నిటికంటే ముందు తూము పైపు బయటికొచ్చే చోట చూడండి. గుండ్రటి పైపు కింద మట్టిని గట్టిగా దిమ్మిస చేయడం కష్టం. నీరు పైపు బయటి ఒంటిని పట్టుకుని దారి చేసుకునేది అక్కడే. చెట్ల వేర్లు, జంతువుల బొరియలు కూడా అలాంటి దారులే. అయితే పెద్ద చెట్టును నిండు జలాశయం ఉండగా వేర్లతో సహా పెకలించొద్దు.

అలుగు గురించి ఒక్క మాట. చెత్త అడ్డుపడి అలుగు పారకపోతే నీరు కట్ట మీదుగా పొర్లుతుంది, మట్టికట్ట దానికి తట్టుకోదు.

[తెర మీద: బొమ్మ గీసి చూపించాలి. ఊట మీద ముతక ఇసుక, దానిపైన కంకర, ఆపైన రాళ్లు.]

బురద ఊట కనబడితే చాలామంది బంకమట్టితో మూసేయబోతారు. దయచేసి ఆ పని చేయొద్దు. దారి మూసుకుపోయిన నీరు లోపల ఒత్తిడి పెంచి, ఇంకో చోట పగలదీస్తుంది. నీటిని రానిచ్చి మట్టిని ఆపాలి: ముందు ముతక ఇసుక, దానిపైన కంకర, ఆపైన బరువుకు రాళ్లు. అదీ ఇంజనీరు చెప్పినట్టు, మనిషి నిలబడడానికి నేల గట్టిగా ఉంటేనే. ఈలోగా దిగువ ఇళ్లవాళ్లకు కబురు వెళ్లాలి, తూము తెరిచి మట్టం దించాలి. మరీ గబగబా దించితే నానిన ఎగువ వాలు జారే ప్రమాదం ఉంది. ఎంత వేగంగా దించవచ్చో ముందే లెక్క కట్టించి పెట్టుకోవాలి.

తాగునీటి కట్టలకు అసలు చిక్కు ఇక్కడే ఉంది. జనానికి కావాల్సిన నీళ్లు కదా, వదలడానికి ఎవరికీ చెయ్యి రాదు. ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ దగ్గర డేల్ డైక్ అనే తాగునీటి మట్టికట్ట మీద 1864 మార్చి 11 సాయంత్రం ఒక పనివాడు సన్నటి పగులు చూశాడు. కబురు పంపారు, తూములు తెరిచారు, మట్టం దించడానికి అలుగును మందుపెట్టి పేల్చబోయారు కూడా. అర్ధరాత్రి కాకముందే గండి పడింది. 240 మందికి పైగా చనిపోయారు.

[తెర మీద: తూము వాల్వ్ చక్రం. దాని మీద తుప్పు.]

మీ కట్ట తూము వాల్వ్ చివరిసారి ఎప్పుడు తిప్పారో అడగండి. అర్ధరాత్రి ఎవరి అనుమతీ కోసం ఆగకుండా దాన్ని తెరిచే అధికారం ఎవరికుందో, తాళంచెవి ఎవరి దగ్గరుందో కూడా అడగండి.

[తెర మీద: రెండు చేతులు చక్రాన్ని తిప్పుతాయి. కిర్రుమంటూ కదులుతుంది. పైపులోంచి నీళ్ల చప్పుడు.]