పరుగు మధ్యలో పడిపోతే

శ్రోతలకు నమస్కారం.

పోలీసు నోటిఫికేషన్ పడిందంటే చాలు, హన్మకొండ జేఎన్ఎస్ స్టేడియంలో, ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో పొద్దు పొడవకముందే జనం. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ నుంచి వచ్చి రూములు కిరాయికి తీసుకుని ఉండే పిల్లలే ఎక్కువ. 2022 నోటిఫికేషన్‌లో మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పూర్తిచేయాలన్నారు. ఆ సెకన్ల కోసం నెలల తరబడి ఉరుకుతారు. స్టాప్‌వాచ్ పట్టుకునేవాళ్లుంటారు, బూట్ల గురించి సలహాలిచ్చేవాళ్లుంటారు. గుండె మీద స్టెతస్కోపు పెట్టేది మాత్రం అన్నీ అయ్యాక, ఎంపికైనవాళ్లకు చేసే వైద్య పరీక్షలోనే. కబడ్డీ, ఖోఖో ఆడే బడిపిల్లలకైతే చాలాచోట్ల అదీ ఉండదు.

గుండె డాక్టరుగా నేను ఈ పిల్లల్ని మొదట అడిగేది ఒక్కటే: ఎప్పుడైనా కండ్లు తిరిగి పడ్డావా? పడితే ఉరుకుతుండగా పడ్డావా, ఉరికి ఆగినంక పడ్డావా?

ఈ రెంటికీ చాలా తేడా ఉంది. గీత దాటి ఒక్కసారిగా ఆగి నిలబడితే రక్తం కాళ్లలోకి దిగి నిలిచిపోతుంది. మెదడుకు చాలక కళ్లు చీకట్లు కమ్ముతాయి. పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెడితే కాసేపట్లో లేచి కూర్చుంటారు. ఇందులో చాలావరకు భయం లేదు. పరుగు మధ్యలో, దమ్ము మీద ఉండగా కూలిపోవడం అలాంటిది కాదు, అది గుండె లయ తప్పిందనడానికి గుర్తు కావొచ్చు. అలా పడ్డవాడికి చేతులు అడ్డం పెట్టుకునే వ్యవధి కూడా ఉండదు. అందుకే గడ్డం పగులుతుంది, పళ్లు విరుగుతాయి. నిమిషంలో తేరుకుని లేచి, దుమ్ము దులుపుకుంటాడు. చుట్టూ ఉన్నవాళ్లు "పొద్దుగాల ఏం తినకుంట ఉరికిండు సార్", "రాత్రంత నిద్రలేదు" అంటారు. మర్నాడు మళ్లీ ట్రాక్ మీదే ఉంటాడు. నా మాటగా చెబుతున్నాను: అలా ఒక్కసారి పడినా సరే, గుండె పరీక్ష అయ్యేదాకా పరుగు ఆపాల్సిందే. ఇందులో బేరం లేదు.

యాభై అరవై ఏళ్లవారికి వచ్చే గుండెపోటులో రక్తనాళం పూడుకుపోతుంది. పిల్లల్లో గుండె ఇలా మొరాయించడానికి సాధారణంగా కారణాలు వేరు. ఒకటి పుట్టుకతో జన్యువుల్లో వచ్చే లోపం. గుండె కండరం అవసరానికి మించి మందమవుతుంది, దీన్నే హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి అంటారు. సుమారు 500 మందిలో ఒకరికి ఉంటుంది. వాళ్లలో చాలామంది ఏ ఇబ్బందీ లేకుండా బతికేస్తారు, కొందరికి మాత్రం గట్టి శ్రమలో గుండె లయ తప్పుతుంది. 2003 జూన్‌లో ఫ్రాన్సులోని లియాన్‌లో మ్యాచ్ ఆడుతూ మైదానంలోనే కుప్పకూలి చనిపోయిన కామెరూన్ ఫుట్‌బాల్ ఆటగాడు మార్క్ వివియన్ ఫోకు ఉన్నది ఇదే. ఇంకొందరికి కండరం బాగానే ఉంటుంది, గుండెలో నడిచే కరెంటులోనే తేడా. గుండెకు రక్తమిచ్చే నాళం తప్పుచోట మొదలైనవాళ్లూ ఉంటారు. వైరల్ జ్వరాలతో గుండె కండరం వాచడం మరో కారణం. జ్వరం గోలీ వేసుకుని గ్రౌండ్‌కు పోయే అలవాటున్నవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

ఇంట్లో అడగాల్సినవి కూడా ఉన్నాయి, వాటికి పైసా ఖర్చు లేదు. మీ వంశంలో యాభై ఏళ్లలోపు ఉన్నట్టుండి పోయినవాళ్లున్నారా? ఈ ప్రశ్న అమ్మమ్మను, నాయనమ్మను అడగండి, వాళ్లకే తెలుస్తుంది. "రాత్రి మంచిగనే పండుకున్నడు, తెల్లారి లేవలే" అనే మాట ఏ ఇంట్లోనైనా వినిపిస్తే నేను చెవులు నిక్కబొడుచుకుంటాను. ఈత బాగా వచ్చినవాడు బాయిలో మునిగిపోయాడని చెప్పినా అంతే. లాంగ్ క్యూటీ అనే కరెంటు లోపంలో ఒక రకం ఈత కొడుతుండగానే స్పృహ తప్పిస్తుంది. దానికే మరో రూపం పుట్టుచెవుడుతో కలిసి వస్తుంది. తల్లివైపు నుంచీ తండ్రివైపు నుంచీ అదే లోపం అందితేనే వచ్చేది కాబట్టి మేనరికపు ఇళ్లలో దీనికి అవకాశం ఎక్కువ. పుట్టు చెవిటి బిడ్డ ఆడుకుంటూ, బెదిరిపోయి మూర్ఛపోతుంటే ఫిట్స్ మందులు మొదలుపెట్టేముందు ఒక్క ఈసీజీ తీయించండి.

ఈసీజీకి పది నిమిషాలు చాలు. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో తీస్తారు. మరి ఆటలాడే ప్రతి ఒక్కరికీ తీయాలా? దీనిమీద డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు. ఇటలీ 1982లో పోటీ క్రీడల్లో దిగేవారికి ఈసీజీ తప్పనిసరి చేసింది. అక్కడి వెనెటో ప్రాంతంలో యువ క్రీడాకారుల ఆకస్మిక మరణాలు ఏడాదికి లక్షకు 3.6 నుంచి 2004 నాటికి 0.4కు తగ్గాయి. 1997లో ఇజ్రాయెల్ కూడా అలాగే చేసింది, అక్కడ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పైగా బాగా సాధన చేసినవారి గుండె మామూలుగానే నిమిషానికి 45 సార్లు కొట్టుకుంటుంది, ఈసీజీ గీతలూ కాస్త వేరుగా ఉంటాయి. అది తెలియనివాళ్లు చూస్తే ఏమీ లేనిదానికి ఇంటిల్లిపాదినీ భయపెట్టేస్తారు. నేనైతే అకాడమీలో, కోచింగ్ సెంటర్‌లో చేరేటప్పుడు ఒక్కసారి తీయించమంటాను. చూసే డాక్టరుకు "రోజూ ఉరుకుతాను" అని ముందే చెప్పాలి. అనుమానముంటే ఎకో, అంటే గుండెకు చేసే స్కానింగ్.

ఈసీజీ బాగుందంటే ఇక అంతా బాగున్నట్టే అని కూడా అనుకోవద్దు. ఇంత గట్టిగా పరీక్షలు చేసే ఇటలీలోనే ఇంటర్ మిలాన్ ఫుట్‌బాల్ జట్టుకు ఆడేవాడు క్రిస్టియన్ ఎరిక్సన్. 2021 జూన్ 12న కోపెన్‌హాగెన్‌లో, డెన్మార్క్ తరఫున ఆడుతూ కూలిపోయాడు. మైదానంలోనే ఛాతీ నొక్కి, షాక్ ఇచ్చి బతికించారు. ఛాతీలో చిన్న షాక్ యంత్రం పెట్టించుకుని మరుసటి ఏడాది ప్రపంచకప్ కూడా ఆడాడు.

మన గ్రౌండ్‌లో ఎవరైనా పడితే జరిగేది వేరు. కాళ్లూ చేతులూ కొట్టుకుంటుంటే ఫిట్స్ అనుకుని చేతిలో తాళంచెవులు పెడతారు, నోట్లో నీళ్లు పోస్తారు. గుండె ఆగినప్పుడు కూడా మొదట్లో ఒళ్లు అలా అదురుతుంది, కళ్లు తెరిచే ఉండొచ్చు, గురకలాంటి ఎగశ్వాసా రావొచ్చు. దాన్ని ఊపిరి అనుకుని ఆగిపోవద్దు. పిలిస్తే పలక్క, సరిగా ఊపిరాడకపోతే ఒకరు 108కు ఫోన్ చేయాలి. ఇంకొకరు ఛాతీ నడుమ రెండు చేతులూ పెట్టి రెండంగుళాల లోతు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండాలి. అలసిపోతే మనిషి మారాలి, నొక్కడం ఆగకూడదు. ఏఈడీ అనే షాక్ యంత్రం దగ్గర్లో ఉంటే తెప్పించండి, ఏం చేయాలో అదే మాటల్లో చెబుతుంది. ఒక్కో నిమిషం ఆలస్యమైన కొద్దీ బతికే అవకాశం నూటికి ఏడు నుంచి పది పాళ్లు తగ్గిపోతుంది. పీఈటీ సార్లు, కోచ్‌లే కాదు, జట్టులో పిల్లలందరూ ఇది నేర్చుకోవాలి.

ఇవన్నీ విన్నాక కూడా కొందరు పిల్లలు నోరు విప్పరు. "చెప్తే జాబ్ పోతది సార్" అంటారు. ఆ భయం నాకు అర్థమవుతుంది, ఆ ఉద్యోగం మీద ఇల్లంతా ఆశ పెట్టుకుని ఉంటుంది. కానీ లోపం దొరికిన ప్రతివాడి ఆటా ఆగిపోదు. గుండెలో కరెంటుకు అదనపు దారి ఉన్నవాళ్లకు రక్తనాళంలోంచి సన్నని తీగ పంపి ఆ దారిని కాల్చేస్తాం, చాలామంది మళ్లీ ఉరుకుతారు. లాంగ్ క్యూటీకి రోజూ వేసుకునే మాత్రలున్నాయి. కండరం మందమైనవాళ్ల సంగతి మాత్రం ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది, కొందరికి పోటీలు మానమని చెప్పక తప్పదు.

లోపం బయటపడితే అమ్మానాన్నలను, అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను కూడా పరీక్షకు తీసుకురండి. పాత ఈసీజీలుంటే వెంట తెచ్చుకోండి. ఆ కాగితం మీద గీతలు కొన్నాళ్లకు వెలిసిపోతాయి, జిరాక్స్ తీయించి పెట్టుకోండి. నమస్కారం.