చిన్న షెడ్డుకు అడ్డదూలం: ఏ అతుకు మేలు?

పెద్దలకు, వడ్రంగి సోదరులకు నమస్కారం.

కొబ్బరి తోటలో పనిముట్లకో, దాణాకో చిన్న కొయ్య షెడ్డు వేసేటప్పుడు అందరి చూపూ స్తంభాల మీదే ఉంటుంది. నేను అడ్డదూలం గురించి మాట్లాడతాను. వాసాలు కప్పు బరువుకు కాళ్లు చాపి స్తంభాల తలలను బయటికి నెడతాయి. ఎదురెదురు స్తంభాలను విడిపోకుండా లాగి పట్టేది ఈ దూలమే. షెడ్డు వెడల్పు 12 అడుగులు, వెన్నుగర్ర (వాసాల పైకొనలు కలిసే కొయ్య) అడ్డదూలానికి 3 అడుగుల ఎత్తున ఉందనుకోండి. వెన్నుగర్ర కింద గుంజలు లేకపోతే కప్పు బరువులో దాదాపు సగమంత లాగుడు అడ్డదూలాల మీద పడుతుంది. ఎత్తు 6 అడుగులు చేస్తే అది కప్పు బరువులో పావు వంతుకు తగ్గుతుంది. కాబట్టి పెంకు కప్పుకు వాలు తగ్గించి కలప మిగుల్చుకోవద్దు.

ఇక అతుకు. స్తంభం తలపై గాడి తీసి, దూలం పెట్టి, రెండు మేకులు కొట్టడం నాకు సమ్మతం కాదు. మేకు అవతల మిగిలే కురచ చెక్క పొర వెంట చీలిపోతుంది. పైగా తుఫాను గాలి కప్పును పైకి లేపుతుంది. 1996 నవంబరు 6 నాటి తుఫాను చూసిన కోనసీమకు ఈ మాట కొత్త కాదు.

పావురం తోకలా చెక్కే డవ్‌టెయిల్ చూడముచ్చటగా ఉంటుంది. కానీ పచ్చి కలప ఆరేకొద్దీ అడ్డంగా కుంచించుకుంటుంది. తోక సన్నబడుతుంది, దూలం జారుతుంది.

నేను కోరుకునేది స్తంభం అవతలి వైపుకు తేలే కుసి, అంటే స్తంభం బెజ్జంలో దూరేలా దూలం కొనను చెక్కిన నాలుక. కుసి పైఅంచు తిన్నగా, కిందిఅంచు కొన వైపు దిగుతూ వెడల్పయ్యేలా చెక్కాలి. బెజ్జం అడుగునూ అదే వాలులో తీయాలి. కొన దూరడానికి బెజ్జం పైన వదిలిన సందులో బాగా ఆరిన తుమ్మ చీల (ఒక కొన పలచగా ఉండే ఆప్పు) దిగ్గొడితే కుసి కిందికి కూర్చుంటుంది, వెనక్కి రాదు. కొయ్యమేకు ఒక్కదాన్నే నమ్మితే లాగుడంతా ఆ చిన్న కర్ర మీద పడుతుంది. ఇక్కడ చెక్కిన వాలే భారం పంచుకుంటుంది. అయితే బెజ్జాన్ని స్తంభం మీద మరీ కిందికి దింపకండి. దూలానికి పైనున్న భాగం వంగుతుంది.

కొబ్బరి, తాటి మొద్దులకు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. వాటి బలమంతా పైపొరలో ఉంటుంది. కుసి చెక్కితే చేతికి మిగిలేది మెత్తని నడిభాగం. వాటిని స్తంభానికి పక్కగా ఆనించి, రెండింటి గుండా బోల్టులు వేసి, వెడల్పాటి వాషర్లతో బిగించండి.

చీల తలను నునుపుగా కోసేయకండి, రెండు అంగుళాలు బయటికి ఉంచండి. మొదటి వేసవి దాటాక కలప ఆరి అతుకు వదులవుతుంది. అప్పుడు సుత్తితో మళ్లీ బిగించాలి.